తువ్వాలు కింది ధర: జగ్గయ్యపేటలో పాత ట్రాక్టరు చూసొచ్చిన రోజు

ఈ ప్రయాణానికి కారణం మా తోటికోడలు సరోజిని. ఈ మాట మొదటే రాసేస్తున్నాను. లెక్క ఎక్కడ మొదలైందో చూపించకుండా జవాబు రాస్తే సున్నా మార్కులని ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పినదాన్ని, నా విషయంలో దాన్ని సడలించుకోలేను. మాది వీరులపాడు మండలంలో ఒక చిన్న ఊరు. మావారు పోయాక ఏడెకరాలూ కౌలుకిచ్చాం. మూడేళ్ల నుంచి మా కోడలు పద్మ సొంతంగా చేయిస్తోంది, నాలుగెకరాలు పత్తి, మూడెకరాలు మిరప. సరోజిని మా మరిది భార్య. గోడకి అవతల ఇల్లు. రెండేళ్ల కిందట ఆవిడ ఒక పాత ట్రాక్టరు కొన్నది, మూడు లక్షల ఎనభై అయిదు వేలకి. ఆ అంకె ఊరందరికీ ఒకసారి చెప్పింది, నాకు మూడుసార్లు చెప్పింది.

అప్పటినుంచి ఆ బండి తాళంచెవి ఆవిడ కొంగున వేలాడుతోంది. ఇంట్లో మేకు లేక కాదు. ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి మజ్జిగ తాగుతున్నంతసేపూ అది గ్లాసుకి తగిలి టింగుమంటుంది. చదువులో, పొదుపులో, పిల్లల పెంపకంలో ఏనాడూ నన్ను దాటని మనిషి ఒక్క ట్రాక్టరుతో దాటిపోయింది. పోనీ అనుకుని ఊరుకుందును. కానీ పోయిన ఏడాది తొలకరి పడ్డాక దుక్కికి ఆ బండినే అడగాల్సి వచ్చింది. ముందు వాళ్ల చేలు, తర్వాత వాళ్ల అల్లుడివి, తర్వాత వరసలో ఉన్నవాళ్లవి. మా వంతు పదకొండో రోజు. అప్పటికి నేలలో పదును ఆరిపోయి, వేసిన పత్తి గింజల్లో మూడో వంతు మొలవలేదు. పద్మ ఖాళీ పాదుల్లో మళ్లీ గింజలు పెట్టుకుంటూ వెళ్లింది. ఈ ఏడు మళ్లీ సరోజిని గుమ్మం ఎక్కకూడదనీ, ఆవిడ కొన్నదానికంటే ఒక్క వెయ్యి అయినా తక్కువకి కొనాలనీ గట్టిగా అనుకున్నాను. మే నెల చివరి వారంలో బయల్దేరాను.

పాత ట్రాక్టర్లకి జగ్గయ్యపేట మంచి చోటని విన్నాను. తెలంగాణ వైపు నుంచి కూడా బళ్లు అక్కడికి వస్తాయి. మధ్యవర్తి నరసయ్యగారితో ఫోనులో తొమ్మిదింటికి వస్తానని చెప్పి, ఉద్దేశపూర్వకంగా ఏడింటికి చేరేట్టు లెక్క వేసుకున్నాను. కారణం చివర్లో రాస్తాను. ఉదయం అయిదున్నరకి మా ఊరి నుంచి నందిగామకి షేరు ఆటో, ముప్పై రూపాయలు. ఆరుంబావుకి నందిగామలో పేట బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టిక్కెట్టు డబ్బు లేదు, సున్నా టిక్కెట్టు చేతిలో పెడతారు. ఒక మాట గుర్తుంచుకోండి, హైదరాబాదు వైపు పోయే బస్సులు కొన్ని చిల్లకల్లు దగ్గర హైవే మీదే దింపేస్తాయి, అక్కణ్నుంచి మళ్లీ ఆటో ఎక్కాలి. బోర్డు మీద జగ్గయ్యపేట అని రాసి ఉన్నదే ఎక్కండి. కిటికీ పక్క సీటు దొరికింది. హ్యాండ్‌బ్యాగులో బయానా కోసం పదివేలు, ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం. దారి పొడుగునా పొలాల్లో తిరుగుతున్న ట్రాక్టర్లు లెక్కపెట్టాను. పద్నాలుగు. ఒక్కదానికి కూడా యజమాని ఆడమనిషి అయి ఉండదని అనుకోగానే సరోజిని గుర్తొచ్చి లెక్కపెట్టడం మానేశాను.

ఏడు దాటి అయిదు నిమిషాలకి నరసయ్యగారి దొడ్డి ముందు దిగాను. ఊరి చివర రేకుల షెడ్డు, బయట ఆరు బళ్లు. నరసయ్యగారు వేపపుల్లతో పళ్లు తోముకుంటూ నన్ను చూసి పుల్ల నోట్లోనే మర్చిపోయారు.

"తొమ్మిదన్నారు కదమ్మా!"

"ఎండ ముదరకముందే చూద్దామని వచ్చా" అని ఆయన ఫోనులో చెప్పిన ఎర్ర బండి దగ్గరికి నేరుగా వెళ్లి ఇంజను మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. యజమాని లింగయ్య కోదాడ వైపు మనిషి, రాత్రి ఆ షెడ్డులోనే పడుకున్నాడు. నా చెయ్యి ఎక్కడుందో చూసి నవ్వాడు.

"హుషారున్నవమ్మా! నువ్వు తొమ్మిదికొస్తే ఎనిమిదింటికే స్టార్టు చేసి పెడుతుంటి."

"అందుకే ఏడింటికొచ్చా. ఇప్పుడు స్టార్టు చెయ్యి."

రెండోసారికే అందుకుంది. మొదట కొంచెం నల్ల పొగ, తర్వాత తేటగా. నలభై రెండు హెచ్‌పీ, ఎనిమిదేళ్ల బండి, వెనక టైర్లు సగం అరిగాయి, ఆర్‌సీ లింగయ్య పేరునే ఉంది, బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం కూడా ఉంది. దొడ్డి చుట్టూ రెండు చుట్లు తిప్పించాను. నాకు ఇంజన్ల గురించి తెలిసింది తక్కువే. అయినా సరోజిని బండి గేరు మార్చినప్పుడల్లా మూలిగినట్టు వినిపించే చప్పుడు దీనికి లేదు. ఆ సంగతి నాకు ఎంత ఆనందం ఇచ్చిందో ఇక్కడ రాయడం బాగోదు.

ధర నాలుగు లక్షల అరవై వేలన్నాడు. నేను మూడు ఎనభై అన్నాను. లింగయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు నరసయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకున్నారు. లింగయ్య తన చెయ్యి దాని కిందికి దూర్చాడు. ఇద్దరూ ఎటో చూస్తున్నారు, గుడ్డ మాత్రం కదులుతోంది. నరసయ్యగారు పాతికేళ్లు ఎద్దుల సంతల్లో బేరాలు చేసిన మనిషట. ఎద్దులు పోయి ట్రాక్టర్లొచ్చినా ఆ పద్ధతి పోలేదు. ఒక వేలు పట్టుకుంటే ఇంత, రెండు పట్టుకుంటే ఇంత.

"నరసయ్యగారూ, కొనేదాన్ని నేనిక్కడుంటే గుడ్డ కింద మీరిద్దరూ ఏం చేస్తున్నారు?"

"ధర మాట్లాడుతున్నామమ్మా."

"నోళ్లు లేవా?"

లింగయ్య పక్కున నవ్వాడు. నరసయ్యగారు మాత్రం నొచ్చుకున్నారు. "నోటితో దిగితే ఆయనకి నామోషీ కదమ్మా. రేపు వాళ్లూళ్లో, లింగయ్య ఆడమనిషి ముందు ఇంతకి దిగాడంట అంటారు. తువ్వాలు కింద ఎంతకి దిగినా అది మా వేళ్లకే తెలుసు. ఆయన ఊళ్లో ఏ ధర చెప్పుకుంటాడో ఆయనిష్టం. కాస్త ఆగండి, మీ చెవిలో చెప్తా."

చెవిలో చెప్పినది నాలుగు లక్షల ముప్పై వేలు. ఇంకో పది నిమిషాలు గుడ్డ కదిలినా అక్కణ్నుంచి దిగలేదు. "ఇదే బండి మిరప నాట్లు అయ్యాక అయితే ఎంతకొస్తుంది?" అని అడిగాను. నరసయ్యగారు అబద్ధం చెప్పలేదు. "మూడు ఎనభై, ఎనభై అయిదు. అప్పుడు దుక్కులుండవు, కొనేవాడుండడు. అమ్మేవాడికి పురుగుమందులకి డబ్బు కావాలి. కానీ అప్పటిదాకా ఈ బండి ఉంటుందా అమ్మా? ఇట్లాంటిది ఇంకోటి చూసుకోవాలి."

నోటుపుస్తకం తీసి అక్కడే బల్ల మీద లెక్క వేశాను. ఇప్పుడు కొంటే నలభై అయిదు, యాభై వేలు ఎక్కువ. ఆగితే ఈ ఒక్క పంటకాలానికి ఏడెకరాల దుక్కి, రోటవేటరు కలిపి అద్దె పాతిక వేలు దాటదు. ఆగడమే లాభం. కానీ ఆగితే సరోజిని గుమ్మం ఎక్కాలి. దానికి నా పుస్తకంలో గడి లేదు. హ్యాండ్‌బ్యాగు జిప్పు మీద చెయ్యి ఎంతసేపు పెట్టుకున్నానో తెలియదు. చివరికి సాయంత్రం ఫోను చేస్తానన్నాను. "వేరేవాళ్లు పదకొండింటికొస్తున్నరమ్మా" అన్నాడు లింగయ్య. అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీ, ఒక టీ, నలభై అయిదు రూపాయలు. అల్లప్పచ్చడి బాగుంది, సాంబారు వద్దు.

మధ్యాహ్నం పన్నెండుకి నందిగామలో దిగి బాజీ షెడ్డుకి వెళ్లాను. ఎనిమిదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ట్రాక్టర్ల రిపేరుకి పేరున్న మెకానిక్కు. కొనేముందు పేట వచ్చి బండి చూడమని అడుగుదామని నా ఉద్దేశం. స్టూలు తుడిచి వేశాడు.

"వస్తా టీచరుగారూ, ఎప్పుడంటే అప్పుడొస్తా. కానీ ఇప్పుడు కొనేవాళ్లందరికీ వర్షం పడేలోపు కావాలి. గేరుబాక్సు విప్పి చూసేదాకా ఎవరాగుతారు? సరోజినమ్మగారూ అంతే కదా, మే నెలలో తొందరపడి..." అని నాలిక కరుచుకున్నాడు.

"తొందరపడి?"

"ఏం లేదు టీచరుగారూ" అంటూ చేతిలో స్పానరు తిప్పసాగాడు.

"బాజీ, ఎక్కం రానప్పుడు నువ్వు ఇట్లాగే స్పానరు... కాదు, స్కేలు తిప్పుతూ నిలబడేవాడివి. చెప్పు."

చెప్పాడు. కొన్న నెలకే గేరుబాక్సు పోయింది, అరవై ఎనిమిది వేలు అయింది. "మీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఊళ్లో ఎవరికి తెలిసినా ఫర్వాలేదంట, మీకే వద్దంట."

మూడు ఎనభై అయిదుకి అరవై ఎనిమిది కలిపితే నాలుగు లక్షల యాభై మూడు వేలు. నోటుపుస్తకం అవసరం లేకుండానే వచ్చింది. నందిగామ నుంచి మా ఊరి దాకా ఆటోలో ఆ అంకెని లడ్డూలా నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ అనాలి, ఎవరి ముందు అనాలి, ఎట్లా మొదలుపెట్టాలి అని మూడు రకాలుగా అనుకున్నాను.

ఆటో దిగి నేరుగా సరోజిని ఇంటికే వెళ్లాను. అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. కొంగున తాళంచెవి.

"ఏం అక్కయ్యా, తెల్లారకుండా బయానా సంచీ వేసుకుని వెళ్లావు. బండి దొరికిందా? ఎంత చెప్పాడు?"

"నాలుగు ముప్పై."

"అమ్మో, అంతా! నేను మూడు ఎనభై అయిదుకే తెచ్చా." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. ఒకే చింతకాయని రెండుసార్లు విప్పింది.

నాలుక మీద అంకె సిద్ధంగా ఉంది. కానీ ఆ వంచిన తల చూస్తుంటే నా మాటే నాకు వినిపించింది. సరోజిని కొత్తగా కాపరానికి వచ్చిన ఏడు తెచ్చుకున్న ఇత్తడి బిందె నుంచి మొన్నటి మిక్సీ దాకా, ముప్పై ఎనిమిదేళ్లలో ఏ వస్తువు తెచ్చినా ధర అడిగి, "నాకైతే ఇంకా తక్కువకిచ్చేవాడు" అన్నది నేనే. పేటలో లింగయ్యకి తువ్వాలు కప్పడానికి నరసయ్యగారున్నారు. సరోజినికి ఎవరూ లేక, కొంగు తనే కప్పుకుంది.

"మంచి బేరం చేశావు" అన్నాను.

గింజ చేతిలో ఆగిపోయింది. "వెక్కిరిస్తున్నావా అక్కయ్యా?"

"లేదు. ఈ తొలకరికి మా చేనుకి నీ బండి కావాలి. గంటకెంతో ఇప్పుడే చెప్పు, ఏ రోజు పంపిస్తావో కూడా చెప్పు. రాసుకుంటా."

సరోజిని గింజని పక్కన పడేసింది. "మొదటిరోజు మాకు. రెండోరోజు నీకు. అల్లుడు ఆగుతాళ్లే. రేటు అందరికీ ఎంతో నీకూ అంతే, తగ్గించమనకు" అని, ఇంకో చింతకాయ అందుకుంటూ, "మరి నువ్వెప్పుడు కొంటావు?" అంది.

"మిరప నాట్లయ్యాక."

"అప్పుడు నన్ను కూడా తీసుకెళ్లు. గేరుబాక్సు చప్పుడు నేను బాగా పట్టుకుంటాలే."

ఎట్లా పట్టుకుంటావని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. నరసయ్యగారికి ఫోను చేసి ఇప్పుడు వద్దన్నాను.

పాత బండికి సరైన ధర ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదని ఈ ప్రయాణంలో అర్థమైంది. నలుగురిని అడిగితే ఒక పూటలో తెలుస్తుంది. ఎందుకు ఇప్పుడే కావాలనిపిస్తోందో మనకి మనం చెప్పుకోవడమే కష్టం. నాకు ఆ ఎర్ర బండి మీద ఉన్న తొందరలో సగం పద్మ పత్తి కోసం, మిగతా సగం గోడ అవతలి టింగుమనే చప్పుడు కోసం. అసూయ పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. నిన్న మజ్జిగకొచ్చినప్పుడు కూడా ఆ తాళంచెవి గ్లాసుకి తగిలింది, నాకు ఒళ్లు మండింది. కానీ పదును మీద దుక్కి రెండో రోజుకే రాసి ఉంది.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. అమ్మేవాడికి తొమ్మిదింటికి వస్తానని చెప్పి ఏడింటికి వెళ్లండి, బండి ధర అడిగేముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజను మొరాయిస్తుందన్న సంగతి దాచడానికి ముందే స్టార్టు చేసి పెట్టారని అర్థం, టిఫిను చేసి బస్సెక్కి ఇంటికి వచ్చేయండి.