తెరకు అడ్డంగా పదకొండు సింహాసనాలు

సీతాఫల్‌మండిలోని మా సాంస్కృతిక సంఘానికి నేను కార్యదర్శిని. సంస్కృతి అంటే మాకు శాలువాలే. ఇప్పటిదాకా మేం కప్పినవన్నీ కలిపి కుడితే కాప్రా చెరువు మీద పరిచి, అంచులు మడిచి పెట్టవచ్చు.

ఈసారి వార్షికోత్సవానికి ఒక పాత మూగ హాస్యచిత్రం వేద్దామన్నాను. అందులో నాటక కంపెనీలో మేకులు కొట్టే వడ్రంగికి వేషం కట్టాలని ఆశ. వాడు రంగస్థలం ఎక్కినప్పుడల్లా పెద్ద నటులు మెడపట్టి గెంటేస్తుంటారు. తెర పక్కన నిలబడి కథ చెప్పడానికి మెట్టుగూడలో ఉండే మా మేనమామను పిలిచాం. స్టేషన్‌లో ముప్పై ఏళ్లు రైళ్ల రాకపోకలు మైకులో చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఆయన మాట వినే నాథుడు లేడు, టీవీదే పైచేయి. "ఒక్కపారి జనం నా మాట ఇంటే చాలురా" అంటూ నెలరోజులు అద్దం ముందు సాధన చేశాడు. చివరికి అద్దమే అలసిపోయింది.

ఆదివారం పొద్దున పదింటికి సభ. పన్నెండింటికి హాలు బారసాల వాళ్లకు అప్పగించాలి. వేదిక మీద పెళ్లికొడుకులు కూర్చునే రకం సింహాసనాలు పదకొండు. పదింట్లో పెద్దలు, చివరిదాంట్లో నేను. తెర మా వెనక. కాప్రాలో అపార్ట్‌మెంట్లు కట్టే మా అధ్యక్షుడు "రెండే ముక్కలండి" అని మొదలుపెట్టి ముగించేసరికి, ముందువరసలో నున్నగా గీసుకొచ్చిన వాళ్లకు గడ్డాలు మొలిచాయి.

పదకొండున్నరకు లైట్లు ఆర్పారు. తెర కనబడాలంటే మేం దిగాలని అప్పుడు తెలిసింది. మామ వినయంగా అడిగాడు. ఎవరూ కదల్లేదు. ముందు దిగినవాడు చిన్నవాడైపోడూ? సినిమా మా మొహాల మీదే మొదలైంది.

మామ మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత తన పాత ప్లాట్‌ఫాం గొంతు తీశాడు.

"దయచేసి వినండి. వడ్రంగి ఇప్పుడు అధ్యక్షులవారి పొట్ట మీదికి వస్తున్నడు. ఆడ జాగ ఎక్కువున్నది, జెరసేపు ఆగుతడు."

హాలు ఘొల్లుమంది. నవ్వు తన ప్రసంగం తాలూకుదే అనుకుని అధ్యక్షుడు నమస్కారం పెట్టాడు. ఆ జోడించిన చేతుల మీద వడ్రంగి మేకు కొట్టాడు. సంగతి అర్థమయ్యాక అధ్యక్షుడు మైకు ఆపించాడు. ఇంజన్ల కూతల మధ్య పండిన గొంతది, ఆగలేదు. బారసాల వాళ్లు ఊయలతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

పన్నెండింటికి సగం సినిమాతోనే తెర చుట్టేశారు. మిగతాది చెప్పమని జనం ఆయన్ను బయటి మెట్ల మీదికి తీసుకుపోయారు. లోపల మేం పదకొండుమందిమి ఖాళీ కుర్చీలకు ఎదురుగా, ముందు ఎవరు దిగుతారా అని ఒకరినొకరం కనిపెట్టుకుంటూ కూర్చున్నాం.

చివరికి బారసాల వాళ్లు దింపితే దిగి, మామ దగ్గరికి వెళ్లి అదరగొట్టావన్నాను.

"వాళ్లంటే పెద్దోళ్లు. నువ్వేందిరా, నువ్వు సుత దిగకపోతివి?"

మోకాలు పట్టేసిందన్నాను. ఆయన నా మోకాలి వంక కూడా చూడలేదు. వడ్రంగికి ఆఖరికి వేషం దొరికిందా అని బారసాల ఇంటి ముసలమ్మ అడుగుతోంది. ఆమెకు చెప్పడానికి అటు తిరిగాడు.