మాటల్లేని ఇళ్ళకు ఒకే గంట

తీగ లేకుండా సంకేతం పంపే పరికరం ఏదైనా సరే, లైసెన్సు లేకపోతే స్వాధీనం చేసుకోవచ్చు. వైర్‌లెస్ పరికరాలకు నియమాలు రాసే మా కమిటీ ముసాయిదాలో ఆ వాక్యం రాసింది నేనే. అభ్యంతరాల ఫైల్లో భీమవరం నుంచి ఒక ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. రేడియో మెకానిక్ వీర్రాజు గారు రాశారు: “మా పెట్టె చూసి, అప్పుడు రాయండి.” సాంకేతిక విధానాల మీద పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను, చూసి రాసినవి తక్కువే. ఒకప్పుడు వోల్టేజి స్టెబిలైజర్లకు నేను ప్రతిపాదించిన పరీక్షను పెద్ద కంపెనీలు సులువుగా దాటేశాయి. షెడ్లలో తయారుచేసుకునే చిన్నవాళ్ళు మాత్రం ఫీజు కట్టలేక మూసుకున్నారు. ఆ తప్పు ఇంకా మనసులో ఉంది. ముసాయిదా మీద నా సంతకం ఆ రోజు సాయంత్రంలోగా చేరాలి. వేరే పని మీద రాజమండ్రిలోనే ఉన్నాను కదా అని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకి భీమవరం బస్సెక్కాను. రావులపాలెం, తణుకు మీదుగా మూడు గంటల ప్రయాణం, ముప్ఫై నాలుగు రూపాయల టిక్కెట్టు. ఆకాశం మబ్బుగా ఉంది. వీర్రాజు గారు బస్టాండుకే వచ్చి, రానూపోనూ నూట ఇరవైకి ఆటో మాట్లాడారు. దారిపొడుగునా రొయ్యల చెరువులే. నీళ్ళలో ప్రాణవాయువు కలిపే ఏరేటర్లు తెల్లటి నురగ లేపుతూ తిరుగుతున్నాయి. “అవి ఆగితే గంటలో పంట పోద్దండి. మబ్బు రోజైతే మరీను. ఊళ్ళో సెల్లు సిగ్నలుండదు కదా, అందుకే ఈ పెట్టె,” అన్నారాయన.

చెరువు రైతు సుబ్బలక్ష్మి గారింట్లో ఆ పెట్టె మేకుకి వేలాడుతోంది. పాత ట్రాన్సిస్టర్ డబ్బా, బ్యాటరీ, చిన్న గంట, అంతే. చెరువులో ఏరేటర్లకి ఫ్యూజు పోయినా, కరెంటు పోయినా తీగ లేకుండానే ఇక్కడ మోగుతుంది. ఆవిడ నాకు చేపల పులుసుతో అన్నం పెట్టారు. రొయ్యలు వండలేదేమని అడిగితే, “వాటి జ్వరాలూ జబ్బులూ చూసేది నేనే కదండీ, నోట్లో ఎలా పెట్టుకోమంటారు?” అన్నారు.

రెండో ముద్ద తీసుకుంటుండగా గంట మోగింది. ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తారు, వెనకాలే నేనూ. గట్టెక్కి చూస్తే ఆవిడ ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆగినవి పక్క చెరువులోవి. ఆ చెరువు వాళ్ళ జనరేటర్ తాడు ఆవిడే లాగి స్టార్ట్ చేశారు. అంతలో ఆ చెరువు రైతు, పక్కింటి కనకమహాలక్ష్మి గారు రొప్పుతూ వచ్చి, నావైపు చూసి, “జనరేటరు ఎవరో వేసేశారు కాబోలండీ,” అన్నారు.

“డీజిలు అడుగంటిందని చెప్పండి ఆవిడికి,” అన్నారు సుబ్బలక్ష్మి గారు, నాతోనే.

“మాకు తెలుసని చెప్పండి,” అన్నారు కనకమహాలక్ష్మి గారు, ఆవిడా నాతోనే.

నాకేమీ అర్థం కాలేదు. వీర్రాజు గారు నవ్వారు. “గట్టు తగాదా అండి. మాటల్లేవు. ఒకే రకం పార్టులు దొరికితే రెండు పెట్టెలూ ఒకేలా చేశాను. ఎవరి చెరువు ఆగినా ఇద్దరిళ్ళలోనూ మోగుద్ది. వేరు చేసిస్తానంటే ఈవిడే వద్దన్నారు.”

“వద్దనరా మరి? నేను ఏ పెళ్ళికో వెళ్తే నా చెరువెవరు చూస్తారు? జనరేటరు వెయ్యడానికి మాటలెందుకండీ!” అన్నారు సుబ్బలక్ష్మి గారు.

ఎవరింట్లో విన్నా లేచి వెళ్ళాలి, అంతే. ఆ నియమాన్ని వాళ్ళకి ఏ కమిటీ రాసివ్వలేదు. ఈ సంకేతం ఎంతదూరం పోతుందో నాకు నేనుగా చూడాలనిపించింది. పెట్టె పట్టుకుని, ఏరేటరు ఆపి మోగించమని వీర్రాజు గారికి చెప్పి, రోడ్డు వైపు నడిచాను. నాలుగో చెరువు దాటాక గంట మూగబోయింది.

మూడున్నరకి భీమవరంలో ఎస్టీడీ బూత్ నుంచి కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేశాను. “అందరూ సంతకాలు పెట్టేశారమ్మా. మీరు రాసిన వాక్యమే కదా?” అన్నారు.

“నేను రాసిందే సార్. తప్పు రాశాను. నాలుగు చెరువులు దాటని పెట్టెకి లైసెన్సెందుకు?”

“ఇవాళ నాలుగు చెరువులు, రేపు పోలీసు వైర్‌లెస్ సెట్లలో దూరితే?”

“దూరేంత శక్తి ఉన్నవాటికే లైసెన్సు పెడదాం. అలా మారిస్తే సంతకం చేస్తాను. లేకపోతే చెయ్యను.”

“వచ్చే కమిటీలో మీ పేరుండకపోవచ్చు.”

“ఉండకపోనివ్వండి.”

బూత్‌లోనే రెండు పేజీల అసమ్మతి పత్రం రాసి ఫ్యాక్స్ చేయించాను. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు.

నేను చేసింది సరైనదేనా? ఆ ఇంటి అన్నానికి మెత్తబడ్డానా అని తిరుగు ప్రయాణంలో నన్ను నేనే నిలదీసుకున్నాను. రేపు ఎవరో ఒకరు పెద్ద పెట్టె చేసి నలుగురికీ ఇబ్బంది తెస్తే దాని మీద నియమం రాయడానికి మొదట కూర్చునేది నేనే. కొత్తదాన్ని చూసి భయపడ్డంత మాత్రాన మన పని అయిపోదు. అది ఎవరికి ఎంత హాని చేస్తుందో వెళ్ళి కొలవాలి. కొలవకుండా నిషేధించే కాగితం మీద ఇకముందు నా సంతకం ఉండదు. పదవి పోతే పోనీ.

ఇలాంటివి చూడ్డానికి ఆ చెరువుల వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఎవరైనా ఇప్పిస్తామన్నా సరే, ప్రభుత్వ జీపులో వెళ్ళకండి, ఆటోలో వెళ్ళండి. జీపు మలుపు తిరిగేలోపే పెట్టెలన్నీ అటకెక్కేస్తాయి. మీకు గోడమీద మేకు మాత్రమే కనిపిస్తుంది.