నిండు పొదుగు

ఆ డెయిరీలో పాలు పిండే ఆమెను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పొదుగు ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకోవడం ఆమెకు అలవాటు. ఇంటికెళ్లి తలుపు గొళ్లెం తీసేముందు కూడా అలాగే రుద్దుకుంటుంది. చూసి మొగుడు నవ్వుతాడు. మిగతా ఆవులకు మిషన్లున్నాయి కానీ, పోటీల్లో బహుమతులు తెచ్చిన ఎర్రావు మాత్రం ఆమె చెయ్యి పడితేనే పాలు చేపుతుంది. ఆ పొద్దున ఆమె బకెట్ అందుకోగానే యజమాని అడ్డొచ్చాడు.

"ఇవాళ పిండొద్దు పెద్దమ్మా. పట్నంలో జరిగే పాడి సభలకని దేశదేశాల పశుపోషకులు దిగారు, మన ఫారం చూడ్డానికి వస్తున్నారు. పొదుగు నిండుగా కనపడాలి."

"సలిపేస్తుంది బాబూ, దానికి."

"ఒక్క పూటకేం కాదులే."

బస్సు పొద్దువాలాక వచ్చింది. బూట్లకు ప్లాస్టిక్ తొడుగులేసుకున్న అతిథులు, పొదుగు బరువుకు కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డ ఎర్రావు చుట్టూ తిరిగి ముక్కున వేలేసుకున్నారు. ఇంత పొదుగు ఎలా సాధ్యమైందని అడిగితే, "ప్రేమండీ. కన్నబిడ్డలా చూసుకుంటాం," అన్నాడు యజమాని. ఆవు అరిచింది. అందరూ ఫొటోలు తీసుకున్నారు.

బస్సు కదిలాక పెద్దమ్మ ఆవు పక్కన కూర్చుని చేతులు రుద్దుకుంది.

"రేపు ఇంకో బస్సుంది పెద్దమ్మా, పొద్దున పిండకు," గేటు దగ్గర్నుంచే కేకేశాడు యజమాని.

"అలాగే బాబూ," అంది.

రాయిలా బిగిసిన పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో, ఏనాడూ కాలెత్తని ఆవు ఫెడీమని తన్నింది. బకెట్ దొర్లిపోయింది. ఆమె మోకాలు పట్టుకుని, మళ్లీ దగ్గరికి జరిగింది.

"తన్నవే తల్లీ, తన్ను. నీ కాలికి అందేదాన్ని నేనొక్కదాన్నేగా."