రాణి నోట్లో పల్లికాయలు

మా ల్యాబక్క పోయిందని శనివారం పొద్దున ఫోనొచ్చినప్పుడు నేను స్లైడుకు రంగు అద్దుతున్నాను. చేతిలో పని ఆపలేదు. మధ్యలో ఆపితే స్లైడు పాడవుతుంది, దానికి అక్కే తిట్టేది. కడిగి ఆరబెట్టాకే ఏడ్చాను.

పాతబస్తీలోని ఒక పశువుల దవాఖానలో ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. స్లైడు కంటే ముందు జంతువును చూడాలని ఆమె పట్టు. కుక్కొస్తే బయటికి వెళ్లి, చెయ్యి వాసన చూపించి, దాంతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేది. "దూదిపుల్లకేం తెలుస్తదిరా, కుక్కనడుగు" అనేది. మా గదిలో ఎర్ర పెన్ను ఉండకూడదు. "మనం చూసింది రాస్తం, భయం రాయం" అనేది. నాకది చాదస్తం అనిపించేది.

కాదని ఎలా తెలిసిందో మీకు చెప్పాలి. ఎనిమిదేళ్ల కిందటి మాట. ఉప్పుగూడలో పాలుపోసే బాపు ఒకాయన బర్రెల కాపలాకు రాణి అనే కుక్కను పెంచేవాడు. ఎదురింటి డ్రైవరన్న చంటిపాపకు నోట్లో తెల్లపూత వచ్చింది. రాణి ఆ పాప చెయ్యి నాకడం ఆయన చూశాడు. కుక్కకు రోగం లేదని కాగితం తెమ్మన్నాడు. బాపు రాణిని తెచ్చిన రోజు అక్క సెలవు. నేనే దాని నోట్లో దూదిపుల్ల తిప్పి, స్లైడు చూసి, నోటిపూత తెచ్చే బూజు జాతిది కనబడితే 'ఈస్ట్ ఉంది' అని రాసి, జేబులోంచి పెన్ను తీసి కింద ఎర్రగా గీత కొట్టాను. కొత్త ఉద్యోగం, ఏదో కనిపెట్టానన్న పొగరు. కుక్క నిక్షేపంగా ఉందన్న ముక్క రాయనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం బాపు ఫోను. "నీ ఎర్ర గీత చూసి గల్లీ అంత లొల్లి అయితున్నది బిడ్డా. పొద్దుగూకేలోపు రాణిని గోనెసంచిల కట్టి జల్‌పల్లి అవతల ఇడిసొస్తరట."

అక్కకు చెప్పాను. తిట్టలేదు, అందుకే ఇంకా భయమేసింది. రాణి స్లైడూ, రంగు సీసాలూ బ్యాగులో వేసుకుని, అద్దంతో ఎండను పట్టి చూసే పాత మైక్రోస్కోపును తువ్వాలులో చుట్టి నా ఒళ్లో పెట్టి, స్కూటరు తీసింది.

మేము చేరేసరికి సంచి నేల మీద పరిచి ఉంది. బాపు రాణి మెడ పట్టుకుని కూర్చున్నాడు. అక్క ఎవరితోనూ వాదించలేదు.

"అన్నా, మీ ఇంట్ల కుక్క ఉన్నదా?" అని డ్రైవరన్నను అడిగింది.

"ఉన్నది. దానికేం రోగం? మంచిగున్నది."

"అయితే దాని నోరు గుడ చూద్దాం."

ఆయన తెల్ల బొచ్చుకుక్కను తెచ్చాడు. అక్క స్లైడు పూసి, వెచ్చజేసి, రంగు అద్ది కడిగింది. పాలక్యాను మీద మైక్రోస్కోపు పెట్టి, అద్దం తిప్పుతూ చాలాసేపు చూసింది. ఎండ గోడెక్కుతోంది. అది పోతే ఏమీ కనబడదు. ఎవరో సంచిని చేతిలోకి తీసుకున్నారు.

"దా అన్నా, ఒక కన్ను మూసి చూడు" అంది చివరికి.

"పల్లికాయల లెక్క ఉన్నయి."

"ఇగ ఇది రాణిది" అని స్లైడు మార్చింది.

"గివ్వే ఉన్నయి గదా."

"నాన్ పిండిని పొంగిచ్చేదాని చుట్టాలు గివి. మంచిగున్న కుక్కల నోట్ల గుడ బతుకుతయి. ఉన్నదంత రోగం కాదన్నా. పాపను పిల్లల డాక్టరుకు చూపియ్యి, ఆలస్యం చెయ్యకు."

ఆయన ఇంకోసారి చూశాడు. తర్వాత సంచి తనే మడిచి బాపు చేతికిచ్చాడు.

తిరిగొస్తూ అడిగాను. "వాళ్ల కుక్క నోట్ల గవి కనబడకుంటే ఏం చేస్తుంటివక్కా?"

"ఇంకో కుక్కనడుగుతుంటి" అంది. నా తప్పుకు ఆమె గల్లీ మధ్య నిలబడాల్సి వచ్చిందని తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే. ఆమె మాత్రం మళ్లీ ఆ ఊసెత్తలేదు.

శనివారం సాయంత్రం, అంత్యక్రియలయ్యాక, వార్త చెప్పడానికి బాపు దగ్గరికి వెళ్లాను. విని, నన్ను కొట్టంలోకి తీసుకెళ్లాడు. నేను రాసిచ్చిన ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో మేకుకు ఇంకా వేలాడుతోంది. నా ఎర్ర గీత వెలిసిపోయింది. దాని కింద అక్క ఆ రోజు నీలం సిరాతో రాసింది చదవొస్తోంది. 'కుక్క ఆరోగ్యంగా ఉంది. చూసి రాశాను.' ఆ కాగితం కింద ముసలి రాణి నోరు తెరుచుకుని నిద్రపోతోంది.