మొక్కు తిట్లు

మా పెదనాయన అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. ఆయనకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉంది. మా నాయన పోయినప్పటి నుంచి తిరుపతిలో ఉన్న మా ఇంటికి కూడా తనే పెద్ద అనుకుంటాడు. నేను ఏం చదవాలో, తమ్ముడు ఏ బండి కొనాలో, అమ్మ గోడలకు ఏ రంగు వేయించాలో ఆయనే చెప్పాలి. అమ్మ తలూపుతుంది. నాకు ఒళ్లు మండుతుంది.

ఏర్పేడు దారిలో ఉన్న ఒక పరిశోధనశాలలో నా ఉద్యోగం. రక్తంలో బి కణాలని ఉంటాయి. ఒంట్లోకి కొత్త రోగం వస్తే గుర్తుపట్టి దానికి విరుగుడు తయారుచేసేవి అవే. అవే అదుపు తప్పి పెరిగితే ఒక రకం రక్త క్యాన్సర్. దానికిచ్చే మందుల్లో ఒకటి ఈ బి కణాలను వెతికి మరీ చంపుతుంది. మంచిదా, చెడ్డదా అని చూడదు. ఆ తర్వాత మంచివి మళ్లీ పుట్టుకురావడానికి నెలలు పడుతుంది. ఎప్పుడు వస్తాయి, ఎలాంటివి ముందొస్తాయి అన్నదే నా పరిశోధన. ఎవరెవరి రక్తమో చిన్న గొట్టాల్లో మా దగ్గరికి వచ్చేది. కంప్యూటర్ తెర మీద బి కణాలు ఉండాల్సిన చోట ఒక్క చుక్క కూడా కనిపించకపోతే, మందు బాగా పనిచేసిందని రాసుకుని ఇంకో గొట్టం అందుకునేదాన్ని.

ఆ జబ్బు మా తమ్ముడికే వచ్చింది. మెడ పక్కన గడ్డలు లేచాయి, ఆసుపత్రికి తీసుకెళ్తే పేరు చెప్పారు. "రక్తం గురించి అంత సదివిన పిల్ల ఉండే ఇంట్లోనే ఈ రోగమేందో" అని ఎదురింటావిడ నేను వింటుండగానే అంది. నేను చదివితే రోగం భయపడి మా వీధికి రాదనుకుంది కాబోలు. ఆ రోజు నుంచి ఆవిడ పలకరిస్తే నేను పలకలేదు.

వైద్యం ముగిసింది. గడ్డలు పోయాయి. రక్తపరీక్షలో బి కణాలు సున్నా అని వచ్చింది. అమ్మ ఏడుస్తూ చిత్తూరుకు ఫోన్ చేసి "సున్నా అంట బావా" అని చెప్పింది. అది విని వాళ్లంతా రోగమే సున్నా అయిపోయిందనుకున్నారు. వాడి ఒంట్లోకి ఇప్పుడు ఏ కొత్త రోగం వచ్చినా ఎదురు నిలిచేవాడు లేడని నాకు తెలుసు.

గంగమ్మ జాతర సరిగ్గా అప్పుడే వచ్చింది. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బిడ్డ లేచి నిలబడితే బండ వేషం కట్టిస్తానని అమ్మ మొక్కుకుంది. బండ వేషం అంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండలు కట్టుకుని, ఎదురైనవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ గుడికి పోవడం. ఆ రోజు ఎవరెంత తిట్టినా ఎవరూ ఏమీ అనరు. తిట్లు తిన్నవాళ్లే చేతులు జోడిస్తారు. ఆ తిట్లు అమ్మవారికి ఇష్టమని, వాటితో ఊళ్లో రోగాలు పోతాయని నమ్మకం.

రోగాలు పోయే సంగతి నాకు తెలియదు గానీ, వచ్చే సంగతి తెలుసు. ఎండాకాలం ఆటలమ్మ, అదే చికెన్‌పాక్స్, తిరుగుతూనే ఉంటుంది. తగ్గీ తగ్గని పిల్లలను చంకనేసుకుని తల్లులు మొక్కు తీర్చడానికి ఆ గుడికే వస్తారు. మా తమ్ముడికి చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు. ఇప్పుడు టీకా వేయించే వీల్లేదు, ఆ టీకాలో ఉండేది బతికున్న క్రిమి. అలాంటివాణ్ణి ఒంటి మీద చొక్కా లేకుండా ఆ జనంలోకి తోలుతామంటారు.

పెదనాయన మామిడిపండ్ల గంపతో బస్సు దిగి వచ్చాడు. నేను ఆయన ఎదురుగా కూర్చుని ఇదంతా నిదానంగానే చెప్పాను.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుండాదే. ఇదేం వైద్దెమమ్మే?" అన్నాడు.

"అవును పెదనాయనా, అదే వైద్యం. ఊడిన నాలుక మళ్లా మొలుస్తాది. మొలిచేదాకా జనంలోకి పోగూడదు."

"అమ్మ దగ్గరికి పోతే అమ్మ రోగమిస్తాదా?"

"ఇస్తాది."

అమ్మ చెంపలు వేసుకుంది. పెదనాయన నా వైపు చూడడం మానేసి అమ్మతో మాట్లాడాడు. "వాని మొక్కు వాడే తీర్చాల. తీర్చక రోగం మళ్లా తిరగబెట్టిందనుకో, ఈ సదువుకున్నామె వచ్చి నిలబెడతాదా?"

ఆ ఒక్క మాటతో అమ్మ ఆయన పక్షం అయిపోయింది. భయపడ్డ తల్లిని ఎక్కడ గిచ్చాలో ఆయనకు బాగా తెలుసు. తమ్ముడు మెట్ల మీద కూర్చుని, కొత్తగా మొలుస్తున్న జుట్టు తడుముకుంటూ వింటున్నాడు.

"పోయొస్తాలేక్కా. ఒక గంటే గదా" అన్నాడు.

"నోరు మూసుకుని పైకి పో" అన్నాను. వాడు లేచి మేడమీది గదికి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. "పెదనాయనా, నీ కొడుక్కి కాలిరిగిన ఏడు వాని బదులు వేషం ఎవరు కట్టినారు?"

ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. "నేనే కట్టినా. అయితే ఏంది?"

"ఇంట్లోవాళ్లు ఎవరు కట్టినా చెల్లుతాదని అప్పుడు నువ్వే అన్నావు. మా ఇంట్లో నేనున్నా."

"మన ఇంటి ఆడోళ్లు వేషం కట్టింది యాడన్నా ఉండాదా? ఆడదానివి బండ వేషమేస్తావా?"

"అమ్మవారు కూడా ఆడదే గదా."

అమ్మ మా ఇద్దరి మధ్యా చాలాసేపు నలిగి, చివరికి మొక్కు తప్పకపోతే చాలంది. తెల్లారి పెరట్లో నన్ను కూర్చోబెట్టి మొహానికీ చేతులకూ కుంకుమ పూసింది. నడుముకు వేపమండలు కట్టింది. కుంకుమ కంట్లో పడి మంటెత్తినా నేను కదలలేదు.

బయటికి రాగానే మొదట ఎదురింటావిడ దొరికింది. ఆవిడను ముదనష్టపుదానా అని మొదలుపెట్టి, నీ నాలుక మీద వాతలు పెట్ట అనేదాకా తిట్టాను. ఆవిడ నవ్వుతూ దణ్ణం పెట్టి మజ్జిగ గ్లాసు అందించింది. తాగాను, చల్లగా ఉంది. నా కసి మాత్రం తీరలేదు.

వెనక్కి తిరిగితే మా అరుగు మీద పెదనాయన కూర్చుని ఉన్నాడు.

"ముసిలి నక్కా, నీ నోట్లో మన్ను బడ" అన్నాను. ఆయన లేచి చేతులు జోడించాడు. నీ మండీ మునిగిపోను, నీ కాయలు కుళ్లిపోను అన్నాను. వీధిలో పిల్లలు ఈలలు వేశారు. అంతవరకూ అందరూ తిట్టే తిట్లే. తర్వాత వచ్చినవి వేరు.

"నాయన సచ్చిన రోజు నుంచి మా ఇంట్లో పెత్తనం చేస్తా ఉండావు, నిన్నెవరు రమ్మన్నారురా? నా తమ్ముడు బతికినాడని నీకు సంతోషం లేదు, నీ మాట నెగ్గాల, అంతే. మొక్కు తీర్చకపోతే రోగం తిరగబెడతాదని కన్నతల్లితో అంటావా? నీ నాలుక తెగ. వాడికి ఏమన్నా అయ్యుంటే నీ ఇంటి ముందర మన్ను చల్లి పోదును."

ఈలలు ఆగిపోయాయి. పెదనాయన చేతులు మాత్రం జోడించే ఉన్నాయి. దించితే ఆచారం తప్పినట్టే, ఆయన దించలేదు. పెదవి వణకడం చూశాను. చూసి కూడా ఇంకో రెండు అని, గుడికి పోయి దణ్ణం పెట్టుకుని వచ్చాను.

పెరట్లో తలారా స్నానం చేసి వచ్చేసరికి ఆయన బ్యాగు సర్దుకుని వసారాలో నిలబడి ఉన్నాడు. అమ్మ పక్కన ఉంది.

"అమ్మే," అన్నాడు నాతో మెల్లగా, "వేషంలో పలికేది అమ్మవారు, మనిషి గాదు. అంతేగదా?"

అవునంటే సరిపోయేది. అమ్మ కళ్లతోనే బతిమాలుతోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు.

"కాదు పెదనాయనా. అవి నా మాటలే" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని బస్టాండుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. ఈ ఏడు మామిడిపండ్ల గంప కూడా రాలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లి నాకు వినపడేట్టు గిన్నెలు పడేసింది.

నేను మాస్క్ కట్టుకుని మేడ మీదికి వెళ్లాను. గది తలుపు వేసే ఉంది. మొక్కు చెల్లిందని బయటి నుంచే తమ్ముడికి చెప్పాను.

"ఇన్నాలే. కిటికీలోంచి అంతా ఇన్నా" అన్నాడు. మళ్లీ వాడే అన్నాడు, "ఆసుపత్రిలో అందరూ నవ్వతా ఉండు, ధైర్నంగా ఉండు అన్నారు. ఉన్నా. సూదులేసినా నవ్వినా, జుట్టు రాలినా నవ్వినా. ఈ ఒక్కరోజు కోసం కాసుకోనుంటినక్కా. మనసారా తిట్టచ్చనుకుంటిని. నా తిట్లు గూడా నువ్వే తిట్టేస్తివి. నేనింక యాడ తిట్టుకోవాల?"

వాడు ఆ ఒక గంట ఎందుకు అడిగాడో అప్పటిదాకా నేను కనుక్కోలేదు. తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను.

"నన్ను తిట్టు" అన్నాను.

"నిన్నా?"

"నన్నే. నోరు మూసుకుని పైకి పొమ్మన్నా గదా. మొదలుపెట్టు."

వాడు గొంతు సవరించుకుని "రాచ్చసీ" అన్నాడు. నీ మొగాన పేడనీళ్లు చల్ల, నీ ల్యాబుకు తాళం బడ, నన్ను కోడిపిల్లని మూసినట్టు గంప కింద మూసిపెడతావా అన్నాడు. గొంతు పెరిగింది. నన్ను, డాక్టరును, సెలైన్ గొట్టాన్ని, అద్దాన్ని, దేవుణ్ణి, మళ్లీ నన్ను. నేను తల తలుపుకు ఆనించి, ఎక్కడన్నా దగ్గు వినపడుతుందా అని వింటున్నాను. పెద్ద గొంతుతో ఊపిరి తీసుకోకుండా తిట్టాడు, మధ్యలో ఎక్కడా దగ్గలేదు.