చక్కెర పేరుకున్న చేతులు

ఆఫీసు ఏసీకి నా మోచేతులు తెల్లగా పొట్టు లేచినప్పుడల్లా, చిన్నప్పుడు మా బోరబండ గల్లీలో పిప్పర్మెంట్లు చేసి అమ్మిన సాయన్న తాత గుర్తొస్తాడు. ఆయన చేతులనిండా పొలుసుల్లాంటి ఎండు చర్మం. వచ్చినవాళ్లంతా ముందు దాని గురించే అడిగేవారు.

“పుట్టుకతోనే ఉందమ్మా, ఎవరికీ అంటదు. తొడుగులేసుకునే చేస్త,” అనేవాడు. అయినా చాలామంది కొనకుండానే వెళ్లిపోయేవారు.

నాకు అది జబ్బని తోచలేదు. పాతబడిన పిప్పర్మెంట్ల మీద చక్కెర తెల్లగా పేరుకోవడం చూశాను.

“తాతా, నీకు చక్కెర పేరుకున్నదా?”

ఆయన చేతులు తిప్పి చూసుకున్నాడు. “అవ్ బిడ్డా! గిన్నేండ్ల సంది పాకం కాడనే ఉంటిని గదా.”

మర్నాడు కొడుకుతో వచ్చిన ఒకామె, “గా చేతులకేమైంది? అంటుకుంటదా?” అంది.

“నన్నెందుకమ్మా, గీ పొల్లనడుగు,” అని తాత నన్ను చూపించాడు.

“చక్కెర!” అన్నాను ధీమాగా.

ఆమె పకపకా నవ్వి, కొడుక్కి గుప్పెడు పిప్పర్మెంట్లు కొంది.

పెద్దయ్యాక లైబ్రరీలో చర్మవ్యాధుల పుస్తకం వెతికి మరీ చదివాను. అలాంటిది పుట్టుకతో రావచ్చని, ఎవరికీ అంటదని రాసి ఉంది. తాత రోజూ చెప్పిన మాటే. ఆ మాట విని కొన్నవాళ్లు మాత్రం ఒక్కరూ నాకు గుర్తులేరు.