పిట్ట దవడపన్నుకు లప్పం

మధ్యాహ్నం రెండు దాటింది. మబ్బు పట్టింది కానీ గాలి లేదు, మేడ మీది గచ్చు పెనంలా కాలుతూనే ఉంది. లప్పానికి ఆకలి. పొద్దున్నుంచీ ఆకలే. అక్క డబ్బాలో పెట్టిచ్చింది తిందామంటే కుడి దవడకు పళ్ళు లేవు, ఎడమ దవడలో మిగిలిన పన్ను దేనికైనా తగిలితే నొప్పి నెత్తికెక్కుతుంది. అందుకని బన్ను టీలో ముంచుకుని నాలుకతో నలుపుకుంటున్నాడు. మెట్లగది నీడలో పక్కన కూర్చున్న బావ తన డబ్బా ఖాళీ చేసి, బామ్మర్ది డబ్బాకేసి చూశాడు. లప్పం దాన్ని బావ వైపు తోశాడు. రోజూ జరిగేదే.

అతనికీ ఒక పేరుండేది. పనిలో చేరిన కొత్తలో ఎవరో లప్పం అన్నారు, అదే అంటుకుపోయింది. మేడల మీద పగుళ్ళు పూడ్చడం అతని పని. పగులును ఉలితో కాస్త తెరిచి, దుమ్ము ఊది, కడిగి, ఎండనిచ్చి, రెండు రకాల మందు ముద్దలా కలిపి నింపుతాడు, అదే లప్పం. తడి మీద మాత్రం చచ్చినా పెట్టడు, నిలవదని. బావ అవే మేడలకు సిమెంటు మోస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కాబట్టి లప్పం అక్కా బావల దగ్గరే ఉంటున్నాడు. ముందుగదిలో కుట్టు మిషను పక్కన అతని చాప.

ఆ ఇంట్లో అతనికి పట్టింది ఒక్కటే, ఏడేళ్ళ మేనకోడలి నోరు. ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతుందని దాన్ని పిట్ట అంటారు. బడికొచ్చిన పళ్ళ డాక్టరమ్మ పిట్ట వెనకపళ్ళ మీద గాడులు బాగా లోతుగా ఉన్నాయని, పుచ్చకముందే పూత పెట్టించమని చెప్పి పంపింది. పాలపళ్ళే కదా, ఎటూ ఊడేవే కదా అని అక్క కొట్టిపారేసింది. పనికి నాగా పెట్టి లప్పమే తీసుకెళ్ళాడు.

అక్కడ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ పళ్ళు ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనకాల వస్తాయట. వాటికోసం ఏ పన్నూ ఊడదు, అందుకే అందరూ వీటినీ పాలపళ్ళే అనుకుంటారు. కానీ ఇవి చచ్చేదాకా ఉండాల్సినవి. గాడుల్లో తిండి ఇరుక్కుంటే బ్రష్షు అందదు. పూత పెడితే ఇరుక్కోదు. సూదీ లేదు, నొప్పీ లేదు.

కుర్చీ చూడగానే పిట్ట ఏడుపు అందుకుంది. లప్పం పక్కనే గొంతుక్కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాడు.

"మన మేడ పనేనే పిట్టా. కడుగుతారు, ఆరబెడతారు, లప్పం పెడతారు. మధ్యలో నోరు మూశావంటే వాన పడ్డట్టే. పనంతా పాడు."

పిట్ట నోరు మూస్తే ఒట్టు. దూదులు పెట్టారు, మందు రాశారు, కడిగి ఆరబెట్టారు, తెల్లగా ఏదో పూసి నీలం దీపం చూపించారు. అంతే. అయిపోయాక లప్పం తన నోరు తెరిచి, దీనికీ పెడతారా అమ్మా అని అడిగాడు. ఇది పాడవని పన్నుకే పెడతామని, అతనిది పీకించుకోవాల్సిందేనని ఆమె చెప్పింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఫోను లైటు వేసి పిట్ట పళ్ళు చూడటం అతనికి పని. తన నోట్లో జరిగింది ఆ పిల్ల నోట్లో జరగకూడదు. అంతకు మించి అతనికి కోరికంటూ ఉన్నట్టు బావకెప్పుడూ కనబడలేదు.

నిన్న సాయంత్రం చూస్తే ఒక పన్ను మీద పూత పెచ్చులాగా లేచిపోయింది. పెన్సిలు కొరికిందట. ఊడితే తీసుకురండి, మళ్ళీ పెడతామని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"రేపు నేను రాను బావా. పిట్టను తీసుకెళ్ళాలి" అన్నాడు లప్పం, బన్ను అయ్యాక.

వానలోపు మేడ పూర్తి చెయ్యాలని మేస్త్రీ పొద్దున్నుంచీ ప్రాణం తోడేస్తున్నాడు. బావ అప్పటికే తువ్వాలు మొహం మీద కప్పుకుని వాలిపోయాడు.

"ఊళ్ళో పగుళ్ళన్నీ పూడుస్తావు. పిసరంత పన్నుకు డాక్టరెందుకురా? నువ్వే పెట్టెయ్యరాదూ."

బామ్మర్దిని ఆటపట్టించకపోతే బావకు తిన్నది అరగదు. తిరుగు జవాబు కోసం చూస్తుండగానే నిద్ర పట్టేసింది.

ఆ సాయంత్రం బావ స్నానం చేసి వచ్చేసరికి ముందుగదిలో భార్య పిట్ట దవడ పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల ఏడవడం లేదు. డాక్టరమ్మ దగ్గర తెరిచినట్టే నోరు తెరుచుకుని ఉంది. చాప మీద దూది, అగ్గిపుల్ల, కాగితం మీద కలిపిన బూడిదరంగు మందు. పన్ను పక్కన చిగురు తెల్లగా పాలిపోయింది.

"ఏం పెట్టావురా దీని నోట్లో?"

"మేడది. బాగా ఆరబెట్టే పెట్టానక్కా."

అక్క పిల్ల నోరు మళ్ళీ మళ్ళీ కడిగించి ఎత్తుకుని బయల్దేరింది. వెనకాలే బావ వెళ్ళాడు. డాక్టరమ్మ ఆ మందంతా గీకి తీసింది. పన్నుకేమీ కాలేదని, చిగురు మానుతుందని చెప్పి, తన పూత మళ్ళీ పెట్టింది. మింగి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పింది.

తిరిగొచ్చేసరికి లప్పం గడపలోనే ఉన్నాడు.

"ఎవరు చెప్పార్రా నీకు ఇలా పెట్టమని?" అని అడిగింది అక్క.

లప్పం ఒక్కసారి బావకేసి చూసి తల దించుకున్నాడు. "ఎవరూ చెప్పలేదు. నాకే అనిపించింది."

బావ చెప్పులు విప్పుకుంటూ ఉండిపోయాడు. ఒక చెప్పు విప్పడానికి అంతసేపు పట్టదు.

"ఇక పిల్ల మీద చెయ్యి వెయ్యకు" అంది ఆమె. అంతే. అన్నం పెట్టింది. అందరూ తిన్నారు.

తర్వాత గొడవేమీ లేదు. చిగురు మానింది. పనికి వెళ్ళారు, వచ్చారు. సాయంత్రమయ్యేసరికి పిట్ట అలవాటు కొద్దీ వచ్చి మావయ్య ముందు నోరు తెరిచి నిలబడేది. అతను మొహం పక్కకు తిప్పుకునేవాడు. కాసేపు చూసి నోరు మూసుకుని వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు రావడం మానేసింది. బావ రోజూ అనుకునేవాడు, ఇవాళ భార్యతో చెప్పేద్దామని. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉండేది.

వానలు మొదలైన వారంలో ఒక పొద్దున, చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. పనిముట్ల పెట్టె లేదు. అక్క వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చింది. అప్పటికే రెండు డబ్బాలూ కట్టి పెట్టేసింది.

"నీకేమైనా చెప్పాడా?" అని మొగుణ్ణి అడిగింది.

"లేదు" అన్నాడు బావ. అది నిజమే.

డబ్బాలు రెండూ చేతపట్టుకుని పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం చినుకుల్లో మెట్ల కింద కూర్చుని తన డబ్బా తిన్నాడు. కాసేపాగి రెండోదీ తెరిచాడు.